ఫిట్స్ తగ్గాయి, చదివింది మాత్రం మర్చిపోతున్నాడు

పాఠకురాలి ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావారు మస్కట్‌లో ఉంటారు, నేనూ అత్తగారూ ఇద్దరు పిల్లలూ ఇక్కడ. బాబుకి 7 ఏళ్లు, రెండో తరగతి. 5 ఏళ్లప్పుడు ఒకరోజు తెల్లారగట్ల మూతి ఒక పక్కకి లాగేసి చొంగ కారింది, ఫిట్స్ అని కార్బమజెపిన్ మొదలెట్టారు. ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి. కానీ ఏడాది నుంచి మనిషే మారిపోయాడు. గుణింతాలన్నీ గడగడా చదివినవాడు ఇప్పుడు క దగ్గరే తడుముకుంటున్నాడు, పిలిస్తే ఒక్కోసారి విననట్టే ఉంటాడు, చెల్లిని కొడతాడు, ఒక్కచోట కూర్చోడు. పొద్దున్నే తీసిన ఈఈజీలో పెద్దగా ఏం లేదన్నారు. ఇప్పుడు కాకినాడలో పిల్లల న్యూరాలజిస్టు నిద్రలో ఈఈజీ తీయించమన్నారు, ఈసెస్ అని అనుమానమంట, అదే అయితే స్టెరాయిడ్స్ వాడాల్సి రావచ్చంట. అత్తగారు ఆ మాటెత్తితే ఒప్పుకోవట్లేదు, పక్షిదోషం అంటున్నారు, వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నారు. స్కూల్లో మళ్ళీ రెండులోనే ఉంచుతామంటున్నారు. నేనే ఫోన్ ఎక్కువిచ్చి చెడగొట్టానా అని ఏడుపొస్తుంది.

సమాధానం:

చెల్లెమ్మా, చివర్లో అడిగినదానికి ముందు చెప్తాను. లేదు, మీరేం చెడగొట్టలేదు. ఫోన్ తగ్గిస్తే మంచిదే, మీకూ నాకూ కూడా మంచిదే, కానీ వచ్చిన గుణింతాలు వెనక్కి పోవడం ఫోన్ వల్ల అవదు.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు, 18 ఏళ్లు పిల్లల తలలకి వైర్లు అంటించి ఈఈజీ, అంటే మెదడులో కరెంటు ఎలా నడుస్తుందో గీతల్లో చూపించే పరీక్ష, తీసినదాన్ని. ఏ మందు ఎంత వాడాలి అన్నది మీ డాక్టరుగారు తేల్చాల్సిందే, నేను నా కళ్ళతో చూసింది, ఆ డాక్టర్ల పక్కన నిలబడి నేర్చుకున్నది చెప్తాను.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన ముక్క ఒకటుంది, పొద్దున్నే తీసిన ఈఈజీలో పెద్దగా ఏం లేదన్నారు అన్నది. అది చదవగానే నాకు ఒక పాప గుర్తొచ్చింది. అప్పుడు నేను పని చేసే చోటు పేరు ఎందుకులెండి, ఈఈజీ అంటే 20 నిమిషాలు, పిల్ల మెలకువగా ఉన్నా పడుకున్నా సరే, ఒకరు లేచారంటే ఇంకొకరు, బయట బెంచీ మీద జనం. 5 ఏళ్ల పాపని తీసుకొచ్చారు, పిలిస్తే పలకట్లేదు చెవుడేమో అని ముందు చెవుల డాక్టరుకి చూపించారంట, చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారంట. పాప నిద్రపోలేదు, నేను మెలకువలోనే తీసి పంపేశాను, రిపోర్టు దాదాపు నార్మల్ అని వచ్చింది, వాళ్ళు సంతోషంగా వెళ్లిపోయారు. 8 నెలల తర్వాత మళ్ళీ వచ్చారు, అప్పటికి పాప నోట్లో ఉన్న మాటలు కూడా పోయాయి, అమ్మ కొంగు పట్టుకుని లాగి చూపించడమే. ఈసారి వచ్చిన డాక్టరమ్మ కొత్తావిడ, నిద్రపోయేదాకా రికార్డు చెయ్యండి, సాయంత్రమైనా సరే అంది.

వాళ్ళమ్మ ఒళ్ళోనే పడుకోబెట్టాం. మొదట స్క్రీన్ మీద గీతలు మామూలుగా వెళ్తున్నాయి, కళ్ళు బరువెక్కాయి, ఇంకో రెండు నిమిషాలకి మొత్తం స్క్రీన్ నిండిపోయింది. సూది మొనలా ఒక స్పైకు, వెనకాలే లావుపాటి అల, మళ్ళీ స్పైకు, మళ్ళీ అల, సెకనుకి ఒకటో రెండో, ఖాళీ అన్నది లేదు. పాప మొహం చూస్తే హాయిగా నిద్రపోతోంది, చిటికెన వేలు కూడా కదలట్లేదు. నేను భయపడి పాపా అని పిలిచాను, కళ్ళు తెరిచింది, గీతలన్నీ కుళాయి కట్టేసినట్టు సర్దుకున్నాయి. మళ్ళీ నిద్రపోయింది, మళ్ళీ మొదలు. వాళ్ళమ్మ నన్ను అడిగింది, ప్రతి రాత్రీ ఇలాగేనా అని. నాకు నోట మాట రాలేదు. మొదటిసారే ఒక్క అరగంట ఆగి ఉంటే అనుకోని రోజు లేదు తర్వాత.

ఇదేనమ్మా ఈసెస్ అంటే. 1971లో పాట్రీ, ల్యగూబి, టాసినారి అనే డాక్టర్లు 6గురు పిల్లల నిద్ర రికార్డులు చూసి మొదటిసారి రాశారు, పైకి ఫిట్స్ కనపడకుండా నిద్ర పొడవునా కరెంటు గోల నడుస్తుందని. వాళ్ళు పెట్టిన లెక్క ఏంటంటే గాఢనిద్రలో, అంటే కలలు రాని నిద్రలో, 100కి 85 సెకన్లు స్పైకులతో నిండిపోతే ఆ పేరు, ఇప్పుడు 50 శాతం దాటినా పట్టించుకుంటున్నారు. కలల నిద్రలో మళ్ళీ చాలా తగ్గిపోద్ది, అది దీని తీరు. నేను చెప్పిన పాపకి వచ్చింది దీని దగ్గర చుట్టం, మాట పోవడం ముందు కనపడే రకం, దాన్ని 1957లో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు రాశారు కాబట్టి లాండౌ క్లెఫ్నర్ అంటారు. 2022లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం వాళ్ళు అన్నీ కలిపి పేర్లు మార్చారు, కాబట్టి మీ రిపోర్టులో ఈసెస్ అని ఉన్నా, సీఎస్‌డబ్ల్యూఎస్ అని ఉన్నా, స్వాస్ అని ఉన్నా మూడు జబ్బులొచ్చాయని కంగారు పడిపోకండి, ఒకే ఊరికి మూడు దారులు.

మరి నిద్రలో గోల అయితే పగలు చదువెందుకు పోద్ది అంటారేమో. పిల్లలు పగలు నేర్చుకున్నది రాత్రి గాఢనిద్రలోనే మెదడు సర్దుకుంటుంది, ఏది ఉంచాలి ఏది వదలాలి అని. ఆ టైములో పెద్ద పెద్ద మెల్లటి అలలు నడుస్తాయి, తెల్లారేసరికి అవి చిన్నవవుతాయి, మెదడు తేలికపడినట్టు. స్పైకులు నిండిపోయిన పిల్లల్లో ఆ తగ్గడం సరిగ్గా జరగట్లేదని పరిశోధనల్లో చూశారు. మన భాషలో చెప్పాలంటే పగలంతా చేనుకి నీళ్ళు పెట్టి ఇంటికొచ్చి పడుకుంటే రాత్రి గట్టుకి గండి పడ్డట్టు. మీరు మళ్ళీ పొద్దున్నే నీళ్ళు పెడతారు, ట్యూషన్ పెడతారు, రెండు దెబ్బలేస్తారు, గండి అలాగే ఉంటుంది.

అందుకే ఫిట్స్ ఆగిపోయాయి కదా బాగానే ఉన్నాడు అని ఎవరన్నా అంటే నాకు చిరాకొస్తుంది. ఈ జబ్బులో ఫిట్స్ లెక్క కొలబద్ద కాదు, కొంతమంది పిల్లలకి అసలు ఒక్క ఫిట్ కూడా రాదు, కొంతమందికి వచ్చినా అరుదుగా రాత్రుళ్ళే. కొలవాల్సింది రెండు, నిద్రలో ఈఈజీ, ఇంకా వాడి మాట, చదువు, మనిషి. చెల్లిని కొట్టడం, కూర్చోలేకపోవడం, ఉన్నట్టుండి కోపం, ఇవి కూడా దీంట్లో భాగమే, ముందు ఇవే కనపడి అల్లరోడు అనే పేరు పడిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. పిలిస్తే విననట్టు ఉన్నాడన్నారు కదా, ఒక్కసారి చెవుల పరీక్ష కూడా చేయించండి, చెవులు బాగున్నా మాట అర్థం కాకపోవడం అనేది ఉంటుంది, అది పొగరు కాదు.

మీరు రాసిన మొదటి ఫిట్, మూతి ఒక పక్కకి లాగడం, చొంగ, తెల్లారగట్ల, అది రోలాండిక్ అనే రకంలా ఉంది, పిల్లల్లో బాగా ఎక్కువగా వచ్చే మంచి రకం మూర్ఛ అది, చాలామందికి పెద్దమనిషయ్యే వయసుకి దానంతటదే పోద్ది. ఏ కొద్దిమందిలోనో అది ఇటు తిరుగుతుంది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి, కార్బమజెపిన్ చాలామందికి మంచి మందే, కానీ కొంతమంది పిల్లల్లో అది నిద్రలో స్పైకుల్ని పెంచుద్ది, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటాయిన్ కూడా అంతే. మీ వాడిలో మార్పు ఆ మందు మొదలెట్టాక వచ్చిందా, డోసు పెంచాక వచ్చిందా అని నెలల లెక్కన గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించండి. ఇది చదివి ఇవాళ రాత్రే మందు ఆపేయకండి తల్లీ, ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ఐసీయూలో పడొచ్చు. మార్చాలంటే వాళ్ళే మెల్లగా మారుస్తారు. ఎమ్మారై రాస్తే అది కూడా చేయించండి, పుట్టినప్పుడు మెదడు లోపల థలమస్ అనే చోట దెబ్బ తగిలిన పిల్లల్లో కొందరికి ఇది వస్తుంది, కొంతమందిలో గ్రిన్2ఏ అనే జన్యువులో తేడా ఉంటుంది, చాలామందిలో ఏ కారణమూ దొరకదు. పుట్టగానే ఏడ్చాడా, పెట్టెలో పెట్టారా అన్నది తప్పకుండా చెప్పండి.

ఇక స్టెరాయిడ్స్. మీ అత్తగారి భయాన్ని నేను తీసిపారెయ్యను, మోకాళ్ళ నొప్పులకి ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలు నెలల తరబడి మింగి మొహం వాచిపోయినవాళ్ళని ఆవిడ చూసే ఉంటారు. అదే జాతి మందే ఇదీ, కాకపోతే ఇక్కడ కారణం తెలిసి, బరువు చూసి డోసు కట్టి, బీపీ, సుగరు చూసుకుంటూ ఇస్తారు. కొంతమంది రోజూ మాత్రలిస్తారు, కొంతమంది నెలకి కొన్ని రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. వాడినన్నాళ్ళు బుగ్గలు ఉబ్బుతాయి, ఆకలి విపరీతంగా వేస్తుంది, రాత్రి పన్నెండింటికి అన్నం పెట్టమని అడిగిన పిల్లలున్నారు, మొదట్లో కోపం ఇంకాస్త పెరగొచ్చు కూడా, ఇది మీకు ముందే తెలిస్తే భయపడరు. టీకాలు ఏవన్నా వేయించేముందు అడగండి, చుట్టుపక్కల ఎవరికన్నా ఆటలమ్మ పోస్తే వెంటనే ఫోన్ చేయండి. మొహం ఉబ్బిందని మధ్యలో టక్కున ఆపడం మాత్రం అస్సలు కుదరదు, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారయ్యే పని అప్పటికి నిద్రపోయి ఉంటుంది, అది లేచేదాకా మెల్లగా తగ్గించాలి. స్టెరాయిడ్సే మొదట ఇవ్వాలని కూడా లేదు, క్లోబజామ్ లాంటివి, రాత్రిపూట డయజెపామ్, వాల్‌ప్రోయేట్, ఇవన్నీ వాడతారు, ఏది ముందు అన్నది వాడి పరిస్థితిని బట్టి. క్లోబజామ్‌తో కొందరు పిల్లలు మత్తుగా ఉంటారు, కొందరు ఇంకా గెంతుతారు, ఏది జరిగినా రాసుకోండి.

వాడపల్లి వెళ్లండి, నేనేం వద్దనను, అత్తగారితో గొడవ పెట్టుకుని మీరొక్కరే ఈ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తారు. ఆవిడ చేత్తోనే మందు ఇప్పించండి, మొక్కు ఆవిడదే మందు ఆవిడదే అన్నట్టు. కానీ శనివారం రద్దీకి ముందే దర్శనమైపోవాలని తెల్లారగట్ల మూడింటికి వాడిని లేపి తీసుకెళ్ళకండి, నిద్ర తక్కువైతే ఫిట్స్ వచ్చే పిల్లలకి అది పెట్రోలు పోసినట్టే, పదింటికి వెళ్తే స్వామి ఏమీ అనుకోడు. అక్కడ గోదావరి రేవులో కూడా ఒక్కడినే దించకండి, మీ ఊరి కాలవలోనూ రొయ్యల చెరువు గట్ల మీద కూడా అంతే, మనకి నాలుగడుగులకో నీళ్ళ గుంట. ఒకవేళ ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూసుకోండి, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఏమీ వద్దు, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి, ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాయమని ముందే అడిగి ఇంట్లో ఉంచుకోండి.

స్కూలు సంగతి. రెండో తరగతిలో పిల్లాడిని ఆపేయడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, 2019లో సవరణ తెచ్చినా అది 5, 8 తరగతులకే. కానీ గొడవకి వెళ్ళకుండా ముందు క్లాసు టీచరుని కలవండి, డాక్టరు చేత ఒక లెటరు రాయించుకెళ్ళండి, ముందు బెంచీలో కూర్చోబెట్టమని, ఒక్కోసారి ఒక్క మాటే చెప్పమని, బోర్డు మీద బొమ్మేసి చూపించమని. టీచర్లు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు అంతే, నాకే నా పని మొదలెట్టిన నాలుగేళ్ళకి గానీ తెలియలేదు. స్పీచ్ థెరపీ, చదువు థెరపీ మందుతో పాటే మొదలవ్వాలి, జిల్లా పెద్దాసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల ఇబ్బందులు చూసే కేంద్రం, డీఈఐసీ అని ఉంటుంది, ఫీజు ఉండదు, అక్కడ అడగండి. 2016 నాటి వికలాంగుల చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు, నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా ఉన్నాయి, ఏడాది దాటినా ఇబ్బంది అలాగే ఉంటే సచివాలయంలో సదరం స్లాటు గురించి కనుక్కోండి. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడికి ముద్ర పడిపోద్దని మీవారు ఫోన్లో అంటారేమో, పరీక్షలో టైము ఎక్కువ వచ్చేది ఆ కాగితం వల్లే అని చెప్పండి.

పూర్తిగా బాగవుద్దా అని మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారనుకుంటా. నిద్రలో ఈ స్పైకులు మాత్రం దాదాపు అందరిలో టీనేజీ వచ్చేసరికి పోతాయి. పోయిన చదువు, మాట ఎంత వెనక్కి వస్తుందన్నది ఒక్కో పిల్లకి ఒక్కోలా, ఆ గోల ఎన్నాళ్ళు నడిచింది, ఎంత చిన్నప్పుడు మొదలైంది, అసలు కారణం ఏంటి అన్నదాన్ని బట్టి. అందుకే దసరా సెలవులకి చూద్దాం, మీవారు వచ్చాక చూద్దాం అనొద్దంటున్నాను. నేను చెప్పిన పాపకి స్టెరాయిడ్స్ మొదలెట్టిన కొన్ని వారాలకి వాళ్ళ అమ్మమ్మ వీధిలోంచి పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగిందంట, అది చెప్పడానికి వాళ్ళమ్మ బస్సెక్కి వచ్చింది. ఆ పిల్ల ఇంటర్ దాకా చదివింది. ఇప్పటికీ ఫోన్లో ఎవరన్నా గబగబా మాట్లాడితే మళ్ళీ చెప్పండి అంటది, జనంలో మాట సరిగ్గా పట్టుకోలేదు.

ఒక 40 పేజీల నోటుబుక్కు కొనండి. రోజూ రెండు లైన్లు చాలు, ఏం మందు ఎప్పుడిచ్చారు, ఏ అక్షరం గుర్తుంది, ఏం మాట కొత్తగా అన్నాడు, చెల్లిని ఎన్నిసార్లు కొట్టాడు. నిద్రలో మూతి అదిరినా చెయ్యి అదిరినా ఫోన్లో వీడియో తీసి మీవారికి పంపకుండా ముందు డాక్టరుకి చూపించండి. డాక్టరు గదిలో ఆ పది నిమిషాల్లో మీకు అన్నీ గుర్తురావు, బుక్కు ఉంటే అదే మాట్లాడుద్ది.

ఇక ఈఈజీ రోజు, ఇది నా సొంత సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. రాత్రంతా తీసే చోటు ఉంటే అదే మంచిది, లేకపోతే కనీసం గాఢనిద్ర పట్టి కొంతసేపు నడిచేదాకా తీయమని అడగండి, మెలకువలో తీసి పంపేస్తే ఒప్పుకోకండి, నాలాంటిది విసుక్కున్నా సరే కూర్చోండి. ముందురోజు షాంపూతో తలంటి ఒక్క చుక్క నూనె రాయకండి, కోనసీమ పిల్లాడి తలకి కొబ్బరి నూనె రాయొద్దంటే అత్తగారు నన్ను తిడతారని తెలుసు, కానీ నూనె ఉంటే పేస్టు అంటదు, వైరు జారిపోద్ది, నేను ఎంతమంది తలలు స్పిరిట్ పెట్టి తుడిచానో. సుమారు ఇరవై వైర్లు పెడతారు, నొప్పి ఉండదు, చల్లగా జిగురుగా ఉంటుంది, ముందురోజు రాత్రి మీ నుదుటి మీద బొట్టుబిళ్ళలు అంటించి ఆట ఆడించండి, భయపడడు. మందులు మామూలు టైముకే వేయండి, ఆపమని వాళ్ళు చెప్తే తప్ప. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపమంటారు, ఆ ఒక్క రోజుకి సరే. అసలు చిక్కు బస్సులో వస్తుంది, అమలాపురం దాటగానే కిటికీ గాలికి పిల్లలు తూగుతారు, యానాం బ్రిడ్జి వచ్చేసరికి గుర్రు పెడతారు, తీరా కాకినాడలో మంచమెక్కాక కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చుంటారు. పక్కన కూర్చుని కబుర్లు చెప్తూనే ఉండండి, ఒక డబ్బాలో జంతికలు పెట్టుకెళ్ళండి, వాడు రోజూ పడుకునే దుప్పటి కూడా పట్టుకెళ్ళండి. రిపోర్టు వచ్చాక నాన్ రెమ్ నిద్రలో, అంటే ఆ కలలు రాని నిద్రలో, స్పైకులు ఎంత శాతం అని రాశారో ఆ అంకె చూసి నోటుబుక్కు మొదటి పేజీలో తేదీతో సహా రాసుకోండి, మందు మొదలెట్టి కొన్ని నెలలయ్యాక మళ్ళీ నిద్రలోనే తీస్తారు, అప్పుడు రెండో అంకె దాని కింద రాద్దురుగాని.